బావకిచ్చిన మామిడి రసం

ఏప్రిల్ 27

కొత్త సంవత్సరానికి కంపెనీ వాళ్ళు క్యాబ్ డ్రైవర్లందరికీ ఇచ్చిన డైరీ ఇది. పేజీకో నీతివాక్యం అచ్చు వేశారు. జీతం పెంచమంటే నీతి పెంచారు. నాలుగు నెలలుగా డ్యాష్‌బోర్డులో పడి ఉంటే ఈ రోజు తీశాను. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాడు డైరీ రాస్తాడా అని మా రేఖ నవ్వింది. పెళ్ళానికి చూపిస్తే అది డైరీ ఎట్లా అవుతుంది. సీటు కింద పెడతాను.

పొద్దున బావను తీసుకుని నొప్పికి మందిచ్చే దవాఖానకు పోయాం, నేనూ, మల్లమ్మ అక్కా. మొగిలి బావకు గొంతు క్యాన్సర్. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అయిపోయింది, ఇక పెట్టి లాభం లేదన్నారు. జబ్బు పోదు గానీ నొప్పి లేకుండా చూస్తారని ఇక్కడికి పంపారు. అశ్విని అని ఒక నర్సు ఉంది, గోదావరి వైపు మాట. మాత్రల పట్టీ చేతిలో పట్టుకుని మొదలుపెట్టింది.

"ఇది మార్ఫిన్ మాత్రండి. పొద్దునొకటి, రాత్రొకటి. ఇందులో మందు ఒక్కసారే రాదండి. పన్నెండు గంటలు కొంచెం కొంచెంగా వదులుతుంది."

నోరు ఊరుకోదు కదా. ఫోనులో దారి చెప్పే మ్యాపు మేడమ్ గొంతు తీశాను. "పన్నెండు గంటల తరువాత, యూ టర్న్ తీసుకోండి."

బావ గొంతు పట్టుకుని మరీ నవ్వాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సు కాసేపు ఆగి మళ్ళీ ఏదో చెప్పబోయింది. "మీ గమ్యం ఎడమవైపు ఉంది, మాత్ర కుడివైపు ఉంది" అన్నాను. వరండాలో కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు. క్యాన్సర్ దవాఖానలో మనుషులను నవ్వించాను, అది చిన్న సంగతి కాదు.

ఆమె చెప్పినదాంట్లో సగం మా నవ్వుల్లో పోయింది. గుర్తున్నవి: మాత్రలు తాళం వేసి పెట్టాలి, వేరేవాళ్ళకు ఇవ్వకూడదు, కల్లూ సారా తాగకూడదు, మలబద్ధకానికి వేరే మందు రోజూ వేసుకోవాలి, మరీ మత్తుగా పడుకుంటే ఆగకుండా ఫోన్ చేయాలి. చాలు. మాత్ర మింగడానికి ఎన్ని పాఠాలు.

ఏప్రిల్ 30

నొప్పి తగ్గలేదు. చెవిలోకి సూది గుచ్చినట్టు వస్తోందట. రెండు పూటలా వేస్తున్నా ఎందుకు పని చేయడం లేదని అక్క నన్నడుగుతుంది, నేనేదో డాక్టరునైనట్టు.

మే 3

నేను రాత్రంతా సాఫ్ట్‌వేర్ పిల్లలను తిప్పి, ఆఖరి అమ్మాయిని చందానగర్‌లో దించి, బోరబండ చేరేసరికి అక్క డ్యూటీకి దిగుతుంది. కొత్తగూడ దగ్గర ఒక టవర్లో హౌస్‌కీపింగ్. మేం కింద గదిలో, వాళ్ళు పై గదిలో. పగలంతా బావకు కాపలా నేనే. కాపలా ఏముంది, ఇద్దరం ఒకరినొకరు ఏడిపించుకుంటూ ఉంటాం. బావా బామ్మర్దులం, అది మా హక్కు.

ఈ రోజు పాత సంగతి ఎత్తాడు. కొండాపూర్‌లో అపార్ట్‌మెంటుకు తాడు కట్టుకుని బయటిగోడకు రంగు వేసేవాడు. అన్నం గిన్నె తీసుకుని పోయి నేను పైకి చూస్తే, తాడుకు వేలాడుతున్నాడు, తల ఒక పక్కకు వాలింది, చేతులు వదిలేశాడు. నేను రోడ్డు మీద కూలబడి ఏడ్చాను. గిన్నె బోర్లా పడింది. అప్పుడు నెత్తి మీద రంగు నీళ్ళు పడ్డాయి. పైనుంచి నవ్వు.

"గప్పుడు నువ్వేడ్సిన ఏడుపు నేను సచ్చినంక గూడ ఏడ్వవు తీ" అన్నాడు ఈ రోజు. మాట ఊపిరితో వస్తోంది, గొంతుతో కాదు.

"ఈసారి నాటకం ఆడినవంటే అరికాళ్ళు గీకుత" అన్నాను.

ఇరవై ఏళ్ళు కావస్తోంది. చచ్చినట్టు నటించడంలో ఆయనకు సాటి లేదు. పండుగకు పడుకుంటాడు, పెళ్ళిలో పడుకుంటాడు. నేను ఒక్కసారి కూడా గెలవలేదు.

మే 6

నిద్ర లేదు. నాకూ, ఆయనకూ.

మే 9

దొంగ దొరికాడు.

పరుపు ఎండలో వేద్దామని ఎత్తితే కుట్టు విప్పిన చోట మాత్రలు రాలాయి. అక్క చేతిలో పెట్టి నీళ్ళు ఇచ్చిన ప్రతిసారీ దవడలో దాచుకుని, ఆమె అటు తిరగగానే తీసి పరుపులోకి తోస్తున్నాడు. ఎప్పుడైనా మరీ భరించలేని రోజు ఒకటి మింగాడట. ఒక పక్క నొప్పికి తువ్వాలు కొరుకుతూ, ఇంకో పక్క ఇదీ పని.

"ఏంది బావా ఇది?"

"నషా మందురా అది. తాగుడు ఇడిసిపెట్టనీకె నేనెంత పరేషానైననో మీ అక్కకు ఎరుక. మళ్ల గదే దారి పట్టాల్నా? సచ్చెటప్పుడన్న సాఫ్‌గ సావనియ్యి."

"నర్సు ఇచ్చిన మందుకు నషా ఏంది?"

"మింగుడు గూడ అయితలేదు. గొంతుల ముల్లు గుచ్చినట్టైతది. అక్కకు చెప్పకు. ఒట్టు."

ఒట్టు వేశాను. అక్కకు చెప్పను. నర్సుకు ఫోన్ చేద్దామా అనుకున్నాను, చేస్తే పాఠం మొదటినుంచి అందుకుంటుంది. నాకు వేరే ఉపాయం తోచింది. మొండివాడితో వాదించకూడదు, వాడిని ఆడించాలి. ఆ పనిలో నేను చదవని చదువు లేదు.

మే 11

బావ నిద్రపోతున్నాడు. మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. చేతులు ఊరికే ఉండడం లేదు, గెలిచిన చేతులు కదా.

తెల్లవారకముందు కరెంటు పోయింది. అక్క చీకట్లోనే పెట్టె తాళం తీసి, పొద్దుటి మాత్ర చిన్న గిన్నెలో పెట్టి, "తమ్మీ, నువ్వెయ్యి, నాకు బస్సు పోతది" అని వెళ్ళిపోయింది. మా అమ్మ జ్వరం బిళ్ళను రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, బెల్లంలో కలిపి నాలుక మీద రాసేది. మా ఇంట్లో మాత్ర మింగిన పిల్లవాడు లేడు. అదే పద్ధతి. గొంతుకు ముల్లు గుచ్చదు, మనిషికి తెలియదు. మెత్తగా నలిపాను. రెండు మామిడిపండ్లు పిండి, చక్కెర వేసి, అందులో కలిపాను. పొడి కొంచెం ఎక్కువే అనిపించింది గానీ రసం చిక్కగా ఉంది.

"ఏంది, ఇంత ప్రేమ?" అన్నాడు.

"తాగు. బామ్మర్ది చెయ్యి."

ఒక గుటక వేసి నా మొహం చూశాడు. నేను కిటికీ చూశాను. ఇంకొకటి వేశాడు. ఆగాగి గ్లాసంతా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఒక్క మాట లేకుండా చేతికిచ్చాడు. బావకు తెలియకుండా బావ చేత మందు తాగించాను. ఇది మ్యాపు మేడమ్ కన్నా పెద్ద పని.

కాసేపటికి కళ్ళు వాలాయి. నొప్పి అనలేదు, తువ్వాలు కొరకలేదు. ఎన్నాళ్ళకో ఆ నుదురు మీద ముడుత లేదు. నేను కిందికి పోయి చాయ్ తాగి వచ్చాను. అట్లాగే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అప్పుడు అర్థమైంది. నాటకం. రసంలో ఏదో ఉందని కనిపెట్టి, నన్ను ఏడిపించడానికి మొదలుపెట్టాడు. అరికాళ్ళు గీకాను. కదలలేదు. ఎంత పట్టుదల మనిషికి. గురక కూడా కొత్తరకంగా తీస్తున్నాడు. ఒకటి తీస్తాడు, చాలాసేపు ఆపుతాడు, మళ్ళీ ఒకటి.

సరే, చూద్దామని క్యాబులోంచి మార్కర్ తెచ్చి మెలితిప్పిన మీసాలు గీశాను, చెవుల దాకా. నటించేవాడైతే చక్కిలిగింతకైనా నవ్వాలి. నవ్వలేదు. వీడియో తీసి, మ్యాపు మేడమ్ గొంతుతో "మీ బావ గమ్యం చేరుకున్నాడు" అని చెప్పి, ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాను.

అక్క ఫోన్ చేస్తోంది. తిట్టడానికే. ఎత్తను.

మళ్ళీ చేస్తోంది.

మే 12

బతికే ఉన్నాడు. అంతకన్నా రాయను.

మే 13

రాయకపోతే తల పగిలేటట్టుంది.

అక్క ఫోనులో తిట్టలేదు. "తమ్మీ, బావ పెదవులు నీలంగున్నయేంది?" అంది. టవర్లో బాత్రూములు కడుగుతూ మధ్యలో వీడియో చూసిందట. అంతమంది చూసి నవ్వు బొమ్మలు పెట్టారు. పెదవులు ఒక్క అక్కే చూసింది. నేను పక్కనే కూర్చుని మీసాలు చూశాను.

అంబులెన్స్ వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ ఆ మీసాలను చూసి నా వైపు చూసింది. కంటిపాప సూది మొనంత అయిందని అంది. వీడియో ఉందని తెలిసి నా ఫోన్ తీసుకుని, మళ్ళీ మళ్ళీ పెట్టి, ఊపిరికీ ఊపిరికీ ఎంత సందు ఉందో గడియారం చూసి లెక్క వేసింది. నా గొంతు ఆ గదిలో ఎన్నిసార్లు వినిపించిందో. మీ బావ గమ్యం చేరుకున్నాడు. మీ బావ గమ్యం చేరుకున్నాడు.

మత్తుకు విరుగుడు సూది వేశారు. కళ్ళు తెరిచాడు. మేం మొక్కుకునేలోపే మళ్ళీ మత్తులోకి జారాడు. సూది ప్రభావం తొందరగా పోతుంది, మాత్రది నిదానంగా పోతుంది, అందుకే పక్కనే ఉండి చూడాలని, సెలైన్‌లో ఆ విరుగుడు మందే ఎక్కిస్తూ ఉంచారు.

డాక్టరమ్మ అడిగింది: ఎన్ని ఇచ్చారు, మింగాడా, నమిలాడా, పొడి చేసి ఇచ్చారా.

ముందుగా అక్కే నోరు తెరిచింది. "కరెంటు లేకుండె మేడం. చీకట్ల ఒకటనుకుని రెండు పెట్టిన్నేమో." ఇంకా రబ్బరు గ్లౌజులు ఉన్నాయి ఆమె చేతులకు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "గిన్నెలో ఉన్నది ఇచ్చాను" అన్నాను.

మే 15

చీకట్లో రెండు పెట్టి ఉండవచ్చు. ఎవరు చూశారు.

మే 18

ఇంటికి తెచ్చాం. మీసాలు పూర్తిగా పోలేదు. అక్క కొబ్బరినూనె రాసి బట్టతో రుద్దుతోంది. నాతో మామూలుగానే మాట్లాడుతోంది, చాయ్ ఇస్తోంది. అది భరించలేకుండా ఉంది.

మాత్ర మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. అక్క పెట్టె తెరవడం లేదు. తాళంచెవి పుస్తెలకు కట్టుకుంది. బావ నొప్పికి గోడకు తల ఆనించి కూర్చుంటున్నాడు, పడుకుంటే ఎక్కువట.

"ఒకటి ఇయ్యి అక్కా, డాక్టరే చెప్పింది కదా" అన్నాను.

"నువ్వియ్యగలుగుతవా?"

నేను ఖాళీ చాయ్ గ్లాసు తీసుకుని లేచాను.

"నా చేతితోని నేను సంపుకుంటుంటి. మళ్ల గదే చేతితోనియ్యమంటే ఎట్లియ్యాలె? నొప్పి అయితే నొప్పి. మనిషైతే ఉంటడు."

మే 19

క్యాబులో ఒక అమ్మాయి అడిగింది, "అన్నా, ఈ రోజు మ్యాపు మేడమ్ లేదా?" నెట్‌వర్క్ లేదు అని చెప్పాను.

మే 20

తువ్వాలు చిరిగింది.

మే 21

అక్క డ్యూటీకి పోయాక బావ మంచం మీద తట్టి కూర్చోమన్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. మాట్లాడితే నొప్పి.

"రసం చేదుండె" అన్నాడు.

లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకెరుక లేదనుకున్నవా? మొదటి గుటకకే నోరంత చేదైంది. ఏపాకు కలిపినవనుకున్న. గంతకుముందు చాయ్‌ల ఉప్పేసినవు గద, గసుంటిదే అనుకున్న."

"మరి ఎందుకు తాగినవ్?"

"మొహం మాడిస్తే నువ్వు గెలుస్తవు గద."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు, నీళ్ళు వచ్చాయి, నొప్పికో దేనికో. నేను మీసాల మచ్చ చూస్తూ కూర్చున్నాను. నేను గెలవడానికి కలిపాను. ఆయన ఓడకూడదని తాగాడు. ఇద్దరిలో ఒక్కడు పెద్దమనిషిలాగా ఉండి ఉంటే, చేదుగా ఉందిరా అని గ్లాసు పక్కన పెట్టి ఉంటే, అక్కడితో పోయేది.

"అక్కకు చెప్పినవా?" అని అడిగాను.

"నేనెందుకు చెప్త? నువ్వు చెప్తవేమోనని సూస్తున్న. అది మంచం పక్కపొంటి కూసోని చేతులు సూసుకుంటుంది. ఒకటే సూసుకుంటుంది."

మే 22

చెప్పాను.

అక్క సాయంత్రం వచ్చి బియ్యం కడుగుతోంది. వెనక నిలబడి చెప్పాను, మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు. గిన్నెలో ఉన్నది ఒకటే అక్కా. రెండోది నేను పరుపులోంచి తీశాను. ముందు రాత్రి మింగకుండా దాచినది బాకీ ఉంది కదా అని కలిపేశాను. రెండూ నలిపాను. ఈ డైరీలో కూడా రెండు అని రాయలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు.

బియ్యం కడగడం ఆపలేదు. నీళ్ళు తెల్లగా పోతున్నాయి, ఇంకొన్ని నీళ్ళు పోసింది, తెల్లగా పోయాయి.

"గిన్ని దినాలు నా చేతులెట్ల సూసుకున్ననో నువ్వు సూసినవా తమ్మీ?"

"చూసిన."

"సూస్కుంట చాయ్ తాగినవు."

తిడితే బాగుండేది. మా అక్క తిట్లకు బోరబండ రైల్వే స్టేషన్ దాకా పేరుంది. తాళంచెవి తీసి పెట్టె తెరిచి, పట్టీ చూసుకుని, మళ్ళీ మూసింది. "నర్సమ్మకు ఫోన్ కలుపు. నువ్వే చెప్పు" అంది.

చెప్పాను. నర్సు అంతా విని అంది, "నలిపితే పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుందండి. మింగలేకపోతే నీళ్ళ మందుంది, కొలిచి ఇవ్వచ్చు. అడిగితే ఆ రోజే మార్చేవాళ్ళం. నలపకూడదు, నమలకూడదు అని ఆ రోజు చెప్పానండి. మీరు నవ్విస్తున్నారు, అందుకని రెండోసారి కూడా చెప్పాను."

ఆ రోజు అక్క వినలేదు, నవ్వుతోంది. బావ వినలేదు, గొంతు పట్టుకున్నాడు. నవ్వించేవాడు నవ్వడు కదా. నేను రెండుసార్లూ విన్నాను.

మే 25

నర్సు ఇంటికి వచ్చింది. నీళ్ళ మందు సీసా, సూది లేని సిరంజి తెచ్చింది. గీత దాకా ఎట్లా పీల్చాలో అక్క చేత చేయించింది. నేను గడప దగ్గర నిలబడ్డాను, నోరు మూసుకుని. బావ అడిగాడు, నషా పడుతదా అని.

"మీరు తాగుడుకు దూరంగా ఉన్నది నిజమేనండి, ఆ భయం మంచిదే. అందుకే లెక్క ప్రకారం ఇస్తాం, నేను వచ్చి చూస్తుంటాను. ఒళ్ళు దీనికి అలవాటు పడుతుంది, అందుకే ఉన్నట్టుండి మానకూడదు, మీ అంతట మీరు పెంచకూడదు. కానీ ఇంత నొప్పికి మందు వేసుకోవడం తాగుడు కాదు. నొప్పితో గోడకు ఆనుకుని కూర్చోవడంలో గొప్పేం లేదండి."

బావ అక్క వైపు చూశాడు. అక్క సిరంజి ఎత్తింది. గీత దాకా పీల్చి ఆయన నోట్లో పెట్టింది.

మే 29

పడుకుంటున్నాడు. లేపితే లేస్తున్నాడు, తిడుతున్నాడు. నిన్న మెట్లు దిగి గల్లీ చివరిదాకా నడిచాడు. ఇదంతా నెల కిందే అయ్యేది. ఆయనకు మిగిలినవే కొన్ని దినాలు, అందులో ఒక నెల నేను తిన్నాను.

నేను పై గదిలోకి పోతే అక్క ఏమీ అనదు. కానీ నేను బిందె దగ్గరికి నడిస్తే తానే లేచి నీళ్ళు ముంచుతుంది.

జూన్ 2

బావ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను ఛాతీ చూస్తూ కూర్చున్నాను. పైకి, కిందికి. కాసేపు ఆగింది. నేను లేచి నిలబడ్డాను. ఒక కన్ను తెరిచాడు.

"ఏంది, పహరానా?"

ఉత్తుత్తిగా ఆపాడు. ఇదివరకైతే అరికాళ్ళు గీకేవాడిని. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను.

జూన్ 7

వాన మొదలైంది. బండి మీద ఆఖరి మామిడిపండ్లు, తొక్క ముడుతలు పడినవి. బావ కిటికీలోంచి చూసి, రసం కావాలన్నాడు.

అక్క లేచింది. "నువ్వొద్దు, వాణ్ణి పిండమను" అన్నాడు.

"నేను ముట్ట బావా."

"నా బామ్మర్ది చెయ్యి. పిండురా."

అక్క అటూ ఇటూ చూసి, గ్లాసు కడిగి నా ముందు పెట్టింది. అక్కడే నిలబడింది. నేను చొక్కా చేతులు పైకి మడిచి, ఇద్దరికీ కనబడేటట్టు చేతులు చాపి పిండాను. చక్కెర అక్క వేసింది. ముందు నేనొక గుటక తాగాను. తీపి. అప్పుడిచ్చాను.

ఒక గుటక వేశాడు. నా మొహం చూశాడు. మూతి వంకర పెట్టాడు.

"చేదున్నదిరా."

గ్లాసు లాక్కున్నాను. మిగిలినదంతా గటగటా తాగేశాను, మీదంతా ఒలికింది. తీపి. నాలుకంతా వెతికాను, తీపి తప్ప ఏమీ లేదు. బావ భుజాలు కదులుతున్నాయి, గొంతు లేని నవ్వు, కళ్ళ నుంచి నీళ్ళు కారేదాకా నవ్వు. అక్క కూడా నవ్వింది, చాలా రోజుల తరువాత, కొంగు నోట్లో కుక్కుకుని.

మళ్ళీ ఆయనే గెలిచాడు. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. నేను గ్లాసును కిటికీ వెలుతురుకు పెట్టి, అడుగున ఏమైనా తెల్లగా ఉందా అని చూస్తున్నాను.